గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడు కొనాలి, మామయ్యా?

కిషన్‌బాగ్, మేడ మీద గది
జనవరి 5

గౌరవనీయులైన మామయ్యకు, మెట్ల పైనుంచి కోడలు షారోన్ వందనాలు.

గొంతు ఆపరేషన్ అయ్యాక డాక్టరు మిమ్మల్ని రెండు నెలలు నోరు విప్పొద్దన్నాడు. మీరు కాగితం మీద రాస్తుంటే నేను నోటితో జవాబివ్వడం అన్యాయమని మీరే అన్నారు, అదీ కాగితం మీదే. అందుకని ఈ ఉత్తరం బుట్టలో పెట్టి కిందికి దింపుతున్నాను.

విషయమేమిటంటే, నా కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ముసలిదైపోయింది. తెర మీద బొమ్మ కదలాలంటే కష్టపడాల్సింది అదే. నేను పెళ్లి వీడియో ఎడిటింగ్ చేస్తుంటే పెళ్లికొడుకు లడ్డూ నోటిదాకా తెచ్చి ఆగిపోతాడు. నేను వెళ్లి చాయ్ తాగి వచ్చినా తినడు. అంతా కుదిర్చాక వీడియో తయారు కావడానికి ఇంకో మూడు గంటలు. ఆ మూడు గంటలూ చేసేదేమీ లేక కిందికొచ్చి మీతో క్యారమ్స్ ఆడుతున్న సంగతి మీకు తెలిసిందే.

రంజాన్ లోపు చేయాలని పెళ్లిళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. నయాపూల్ స్టూడియో తాహిర్ భాయ్, "ఫిబ్రవరి ఒకటికల్లా ఆరు పెళ్లిళ్లు నా చేతిల పెట్టాలె బేటీ. లేకుంటే పని వేరేవాళ్లకు పోతది" అన్నారు. ఈ పని కోసం దాచుకున్న ముప్పై వేలు నా దగ్గరున్నాయి. ఇప్పుడే కొనాలా, ధర తగ్గేదాకా ఆగాలా తెలియడం లేదు. మీ అబ్బాయి వెస్లీని అడిగితే, "బాపును అడుగు. మనింట్ల ఫ్రిజ్ కాడికెల్లి మిక్సీ దాంక బేరం చేసింది ఆయననే" అన్నాడు.

మీ కోడలు,
షారోన్

తా.క.: డబ్బు కవరు కూడా బుట్టలోనే ఉంది. తాడు పాతది, కింద చేతులు పట్టి నిలబడండి.

*

మెట్ల కింది గది
జనవరి 8

చిరంజీవి షారోన్‌కు మామ డానియేలు దీవెనలు.

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన నాకు కొనడం ఎలాగో ఎవరూ నేర్పక్కర్లేదు. అవసరం ముఖాన కనపడకూడదు. సగం ధర అడగాలి. కాదంటే లేచి నడవాలి. మూడో దుకాణం దాటేలోపు వెనకనుంచి పిలుపు వస్తుంది.

నిన్న నయాపూల్‌లో రాహిల్ దుకాణానికి వెళ్లాను. అతను కాగితం మీద ముప్పై వేలు అని రాశాడు. నేను పదిహేను అని రాశాను. తల అడ్డంగా ఊపాడు. నేను లేచి నడిచాను. ఒకటో దుకాణం దాటాను, రెండోది దాటాను, మూడోది దాటాను. నాలుగో దుకాణం ముందు నిలబడి అక్కరలేని చెప్పులు చూశాను. పిలుపు లేదు. చివరికి వెనక్కి వస్తుంటే పక్క దుకాణం ఆయన రాహిల్‌ను అడగడం వినిపించింది.

"చాచాను పిలుస్తలేవేంది భాయ్?"

"పిలిస్తె ఏం ఫైదా? మాటనే రాదు, ఇంక వినపడుతదా" అన్నాడు రాహిల్.

మాట లేనివాడికి చెవులు కూడా ఉండవని ఊరంతా అనుకుంటోంది. క్రిస్మస్ ముందు మన పక్కింటి భిక్షపతి వచ్చి నా చెవి దగ్గర "డానియేలన్నా, తిన్నవా" అని అరిచిన అరుపుకు పిల్లి గోడ దూకింది. రెండు రోజులు అలా అరిచి, అతని గొంతు కూడా పోయి, రావడం మానేశాడు.

కార్డు సంగతి నాకు వదిలేయ్. తొందరపడొద్దు.

ఇట్లు,
మామ

తా.క.: నిన్న క్యారమ్స్‌లో నేను ఎర్రకాయ వేసి, దాని వెంటనే ఇంకో కాయ వేసి కవర్ వేయలేదన్నావు. వేశాను. నోరు లేదు కదా అని అన్యాయం చేయకు.

*

మేడ మీద గది
జనవరి 13

మామయ్యకు షారోన్ వందనాలు.

ఫోన్‌లో చూశాను. మీరు ఆగమన్న ఈ అయిదు రోజుల్లో కార్డు ధర రెండు వేలు పెరిగింది. ఇదివరకు మీరు నడిచి వెళ్లిపోతే ధర మీ వెనకే వచ్చేది. ఇది వేరే దారిన పోతోంది. ఈసారి దుకాణం నుంచి లేచేముందు "నాకు బాగా వినిపిస్తుంది" అని ఒక కాగితం మీద రాసి వీపుకు తగిలించుకోండి.

ఆరు పెళ్లిళ్లలో ఒక్కటే అయింది. పెరిగిన రెండు వేలూ నేనే వేసుకుంటాను. కొనేద్దామా?

మీ కోడలు,
షారోన్

తా.క.: కవర్ వేయలేదు.

*

మెట్ల కింది గది
జనవరి 16

చిరంజీవి షారోన్‌కు మామ దీవెనలు.

నాకు వినపడదనుకుని దుకాణాల వాళ్లు నా ముందే అన్నీ మాట్లాడుకుంటారు. కొత్త మోడల్ వస్తుందట, అప్పుడు పాతదాని ధర దిగుతుందట. ఇంకొకాయన ఈ ఏడాదంతా దిగదన్నాడు. ఉల్లిగడ్డ ధర చూశావు కదా, ఎక్కినట్టే ఎక్కి దిగుతుంది. ఇంజను వేడిమీద ఉన్నప్పుడు మూత తీయకూడదని డిపోలో కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేవాణ్ని.

అయినా వీడియోకు మూడు గంటలు పడితే పట్టనీ, మనకేం తొందర? పొద్దంతా తెర ముందు కూర్చుంటే కళ్లు పోతాయి. ఆడపిల్లకు కాస్త విశ్రాంతి కూడా ఉండాలి.

ఇట్లు,
మామ

తా.క.: బోర్డుకు పౌడరు వేసి ఉంచాను. నాలుగింటికే రావాలని లేదు, మూడున్నరకు వచ్చినా పరవాలేదు.

*

మేడ మీద గది
జనవరి 22

గౌరవనీయులైన మామయ్య గారికి,

పొద్దున తాహిర్ భాయ్ వచ్చారు. "నీ పని మంచిదే బేటీ, కానీ ఇట్లయితే పెళ్లోళ్లతోని నేను మాటవడుత" అని రెండు పెళ్లిళ్లు తిరిగి తీసుకుపోయారు.

కార్డు ఎందుకు రావడం లేదో నాకిప్పుడు అర్థమైంది. ఆడపిల్లకు విశ్రాంతి ఉండాలని రాశారు. నేను పనిచేయడం మీకు ఇష్టం లేదు. ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటే ఇంత ఆశ పడేదాన్ని కాదు. ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు, వంట చేసుకుంటూ ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. ఇది పోతే నాకు చాలా బాధగా ఉంటుంది, అయినా ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేని పని చేయలేను. సోమవారం వెళ్లి మానేస్తున్నానని తాహిర్ భాయ్‌కి చెబుతాను.

దయచేసి నా డబ్బు కవరు బుట్టలో పెట్టండి.

షారోన్

తా.క.: ఈవేళ క్యారమ్స్‌కు రాను.

*

మెట్ల కింది గది
జనవరి 22, సాయంత్రం

తల్లీ షారోన్,

కవరులో డబ్బు లేదు. రాహిల్ దుకాణానికి వెళ్లిన మొదటిరోజే ఖర్చయిపోయింది.

ఆ రోజు రాహిల్ మాట విని సిగ్గేసింది. లోపలికి వెళ్లి, అడిగినంతా ఇచ్చి కార్డు కొన్నాను. కొన్నానని నీకు రాయలేదు, కొనలేదనీ రాయలేదు, వెతికి చూసుకో. దీనివల్ల పని ఎంత తొందరగా అవుతుందని కాగితం మీద రాసి అడిగాను. "మూడు గంటల పని పది నిమిషాల్ల ఖతం చాచా" అని బజారంతా వినపడేలా అరిచాడు.

ఆటోలో పురానాపూల్ దాటేసరికి నా మనసు మనసులో లేదు. పది నిమిషాల్లో అయిపోతే నువ్వు కిందికి ఎందుకొస్తావు? ఇంటికొచ్చి దాన్ని నా పాత ఖాకీ చొక్కాలో చుట్టి పనిముట్ల పెట్టెలో దాచాను. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అనుకుంటూనే రెండు వారాలు గడిపాను.

నోటికి తాళం పడ్డాక ఇంటికొచ్చేవాళ్లు తగ్గిపోయారు. వచ్చినవాళ్లు అరుస్తారు, లేదా నా ముందే నా గురించి పక్కవాళ్లను అడుగుతారు. నువ్వొక్కదానివే అరవకుండా ఎదురుగా కూర్చుని ఆడతావు. ఆ మూడు గంటలకు ఆశపడి నీ పనికి అడ్డం పడ్డాను. తప్పు నాదే. నువ్వు చేసిన పెళ్లి వీడియోలు చర్చిలో అందరికీ చూపించేది నేనే. నాకు నీ పని అంటే గర్వం. మానొద్దు తల్లీ.

కార్డు బుట్టలో పెట్టాను. మెల్లగా లాగు.

మామ

తా.క.: కవర్ వేయలేదు. నువ్వు చెప్పిందే నిజం.

*

మేడ మీద గది
జనవరి 24

ప్రియమైన మామయ్యకు మీ షారోన్ వందనాలు.

మీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. కిందికి దిగి పోట్లాడదామనుకున్నాను. తిరిగి అనలేని మనిషితో పోట్లాటేమిటని మెట్ల మీదే కూర్చున్నాను. అక్కడే ఏడుపొచ్చింది.

కార్డు బిగించాను. రాహిల్ అబద్ధం చెప్పలేదు, వీడియో నిజంగానే పది నిమిషాల్లో తయారవుతోంది. తాహిర్ భాయ్ తీసుకుపోయిన వాటిలో ఒక పెళ్లి వాపసు ఇచ్చారు. రెండోది పోయినట్టే. ఆ సంగతి మీరు మరిచిపోకూడదు, నేనూ మరిచిపోను.

ఇక నేను దాచింది కూడా చెబుతాను. వీడియో తయారవుతుంటే పక్కన మనిషి ఉండక్కర్లేదు. రాత్రి బటన్ నొక్కి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. ఈ పని చేసేవాళ్లంతా అలాగే చేస్తారు. మీ ఆపరేషన్ ముందు నేనూ అలాగే చేసేదాన్ని. భిక్షపతి అన్న రావడం మానేసిన వారం నుంచి సాయంత్రం నాలుగింటికి నొక్కుతున్నాను. ఊరికే వస్తే జాలిపడి వచ్చిందనుకుంటారని కంప్యూటర్ పేరు చెప్పాను.

జాలి కాదు మామయ్యా. నాకూ పొద్దంతా ఎవరో తెలియని వాళ్ల పెళ్లిళ్లు చూసీ చూసీ, మనవాళ్ల మొహం ఒకటి చూడాలనిపిస్తుంది.

నాలుగింటికి వస్తున్నాను.

మీ కోడలు,
షారోన్

తా.క.: ఆ కార్డు రాహిల్ దుకాణంలో ఈరోజు ముప్పై ఎనిమిది వేలట. మనింట్లో చవకగా దొరికిన వస్తువంటూ ఉంటే, మీరు బేరమాడకుండా కొన్న ఇదొక్కటే. వెస్లీకి చెప్పను.