నాన్నకి చదివి వినిపించిన స్కూటరు

అరకు, మంగళవారం

మామయ్యకి సరళ నమస్కారాలు.

నిన్న కరెంటు పోయి ఆపేసిన ఉత్తరం మళ్లీ మొదలుపెడుతున్నాను. నాన్నకి సైకిలు కూడా రాదు. ఆ సంగతి అమ్మకీ నాకూ తెలుసు. ఆయన పనిచేసే కాఫీ తోటల ఆఫీసులో ఎవరికీ తెలీదు. బస్సు రోజూ ఆలస్యమై ఆఫీసరు చేత మాటలు పడుతున్నానని, నీ మెకానిక్ షెడ్డు ద్వారా మంచి స్కూటరు చూడమన్నారు సరే. అనంతగిరి ఘాటీలో మలుపులు నీకు తెలుసు కదా. నాకు నిద్ర పట్టడం లేదు.

నువ్వు పంపిన పచ్చ స్కూటరు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. కాన్వెంటులో చదువుతున్నాను కదా అని నాన్న నా చేత చదివించుకున్నారు. కొండ ఎక్కేటప్పుడు ఇంజను నీరసపడుతుందని అందులో ఉంది. కాబట్టి వద్దు.

ప్రస్తుతం నాన్న అరుగు మీద బెంచీ ఎక్కి బండి నడపడం నేర్చుకుంటున్నారు. వెనక నన్ను కూర్చోబెట్టి "కుడి మలుపు" అంటారు, ఇద్దరం కుడికి వంగాలి. నిన్న ఎడమ మలుపులో ఇద్దరం కింద పడ్డాం.

నీ మేనకోడలు
సరళ

తా.క.: అలాంటి కాగితాలు నీ దగ్గర ఇంకా ఉంటే ఎవరి చేతా చదివించకు. అచ్చుతప్పులు ఎక్కువ.

విశాఖపట్నం

సరళమ్మకి కొండబాబు మామ ఆశీస్సులు.

ఏటే గుంటా, నాకు ఇంగ్లీషు రాకపోతే ఏటి, మా మేనకోడలు సదివి సెప్తాదని షెడ్డులో అందరికీ సెప్పాను. నీ ఉత్తరం సూసి పచ్చదాన్ని సింహాచలం కొండెక్కించాను. ఎనక మీ అత్త, మద్దిన బియ్యం బస్తా. ఏటీ నీరసపడలేదు. అయినా అచ్చులో ఉందంటే ఉన్నట్టే. నీలందాని కాగితాలు పంపుతున్నాను, సూడు.

మీ నాన్నకి భయమేటి? పులి ఎదురొచ్చినా కదల్నని నా పెళ్లిలో అందరి ముందూ సెప్పిన మనిషి. పడ్డం బెంచీ తప్పు.

ఇట్లు
కొండబాబు

తా.క.: మీ అత్త కొండ నడిచి దిగింది. మలుపులో నేను "బస్తా జాగర్త" అన్నానట.

అరకు

మామయ్యకి నమస్కారాలు.

నీలందాని కాగితాలూ చదివి వినిపించాను. మలుపుల్లో ఒక పక్కకి ఒరుగుతుందట. మంచులో దాని దీపం ఆనదట. నాన్న కళ్లు మూసుకుని విని, "అయ్యో, మీ మామ అంత కష్టపడి చూశాడే" అన్నారు. ఆ పూట మారు అన్నం వడ్డించుకున్నారు. బాధలో ఆకలి ఎక్కువవుతుంది కాబోలు.

ఇంక వెతకొద్దు మామయ్యా. బస్సు మంచిదే. కిటికీ పక్కన సీటు దొరికితే ఇంకా మంచిది.

సరళ

తా.క.: నాన్న క్షేమం కోసం ఆఫీసు ప్యూను భీమన్న అమ్మవారికి కోడిని మొక్కాడు. అది మా పెరట్లోనే తిరుగుతోంది. నాకంటే ధైర్యంగా ఉంది.

విశాఖపట్నం

సరళమ్మకి ఆశీస్సులు.

వెతకను. నీలందాన్నే బాగుసేసీసాను. ఒరిగిపోద్దన్నావు కదా, పక్కన మూడో చక్రం పెట్టి, మనిషి కూకునే తొట్టి వెల్డింగు సేయించాను. మంచన్నావు కదా, లారీ దీపం బిగించాను. ఎలిగిస్తే ఎదురింటాయన తెల్లారిపోయిందని లేచి పళ్లు తోమీసుకున్నాడు. ఇంకేటి తప్పుంది సెప్పు?

నేనే నడుపుకుని తెస్తాను. వచ్చిన పూటే మీ నాన్న నన్ను తొట్టిలో కూకోబెట్టుకుని ఘాటీ దింపాలి.

కొండబాబు

తా.క.: తొట్టిలో సోటు మీ అమ్మ కూడా అడిగింది. ఇవ్వనని రాసీసాను.

అరకు

మామయ్యకి, ఏ మొహంతో నమస్కారాలు పెట్టను?

బయల్దేరకు. ఆ కాగితాల్లో అవేవీ లేవు. కొండలు సులువుగా ఎక్కుతుందని ఉంది. మలుపుల్లో నిలకడగా ఉంటుందని ఉంది. నాన్న లోయలో పడిపోతారని భయమేసి అన్నీ నేనే కల్పించి చదివాను.

నీ ఉత్తరం చూశాక నాన్నకి చెప్పేద్దామని ఏడుస్తూ వెళ్లాను. ఆయన ఆ కాగితాలే ముందేసుకుని కూర్చున్నారు. "మూడో పేజీలో బ్రేకుల సంగతి వదిలేశావమ్మా. దానికీ ఏదో ఒక జబ్బు చెప్పకపోయావా" అన్నారు.

రోజంతా ఆఫీసులో ఇంగ్లీషు టైపు కొట్టే మనిషి, మామయ్యా. నాకే తట్టలేదు. మొదటినుంచీ ఆయనకి తెలుసు. "నాకు భయమని మీ మామ ముందు ఎలా చెప్పుకోనే? నువ్వలా చదువుతుంటే ప్రాణం లేచొచ్చేది" అన్నారు. నీకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నారు.

ఒట్టు వేసి వచ్చి ఇది రాస్తున్నాను. చెప్పకపోతే నాన్న దక్కరు. చెప్తే ఆయన పరువు దక్కదు. బండి పాడైపోయిందనో, ఎవరో ఎత్తుకుపోయారనో నువ్వే ఒక ఉత్తరం రాయి. అదైతే ఉన్నదున్నట్టు చదువుతాను.

సరళ

తా.క.: ఎవరో పెరటి తలుపు కొడుతున్నారు. నాన్న గొంతే, గుసగుసగా. "సరళా, బేగి తియ్యవే. మీ మామ వీధి మొదట్లోకి వచ్చీసాడు. నేను క్యాంపుకెళ్లానని చెప్పు." కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. నాన్నని ఎక్కడ పెట్టను