గుండ్రంగా వేసిన కుర్చీలు

బావగారికి నమస్కారాలు.

ఫోన్‌లో నాకు మాటలు రావని మీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

ఆదివారం భీమవరంలో రొయ్యల రైతులు కూడిన చోటికి వెళ్లాను. స్టేజీ లేదు, ముఖ్య అతిథి లేడు. కుర్చీలు గుండ్రంగా వేశారు. ఎవరికి ఏది మాట్లాడాలనుంటే అది కాగితం మీద రాసి గోడకు అంటించాలి. నచ్చిన గుంపులో కూర్చోవచ్చు, నచ్చకపోతే లేచి పోవచ్చు. మందుల కంపెనీల మీటింగుల్లో శాలువాలు చూసి వచ్చే నాకు ఇది బాగుందనిపించింది.

“తెగులు ఎందుకు దాస్తాం?” అన్న కాగితం దగ్గర కూర్చున్నాను. అది రాసింది మీ అబ్బాయి హర్షవర్మేనట. నా ఎదుటి కుర్చీలోంచే వాడు మొదలుపెట్టాడు.

“పోయిన పంటకి మా రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చిందండి. బయటికి చెప్పొద్దన్నారు నాన్న. ఆ నీళ్లు కాలువలోకి వదిలేశాం. దిగువన ఆ నీళ్లే తోడుకునే చెరువు మా మావయ్యది. అదిగో, ఆయనే.”

అందరూ నా వైపు తిరిగారు. “మావా అల్లుళ్లకి భోజనాలు ఒకే బల్ల మీద పెట్టొచ్చాండి?” అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ రొయ్య పిల్ల మంచిది కాదని, అది అమ్మిన హేచరీ వాళ్లను తిట్టుకున్నాను. నా రొయ్యలన్నీ చచ్చిన రోజు మీరు వచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చుని ఓదార్చారు కూడా.

ఇంటికొచ్చాక వాణ్ణి ఏమీ అనకండి. వాడూ నేనూ ఒకే బల్ల మీద తిన్నాం.

వచ్చే నెల మళ్లీ కూడుతున్నారు. “నీళ్లు వదిలే ముందు కింది వాళ్లకు ఎలా చెప్పాలి?” అని నేనూ ఒక కాగితం అంటించి వచ్చాను. మీరు తప్పక రండి. ఈసారి నా పక్కన వద్దు. ఎదురుగా కూర్చోండి.

మీ బావమరిది