తలుపుకు ఎదురుగా మగ్గం

నారాయణపేట,
ఆదివారం.

చిరంజీవి కరుణకు అమ్మ దీవెనలు. మీ నాయిన బాగున్నాడు. వాన పడింది, మేక ఈనింది. నేనూ బాగున్నానని రాయబోయి ఆగాను. ఆ సంగతి కింద రాస్తాను.

సీతాఫలాల సంచిలో నువ్వు పెట్టి పంపిన ఉత్తరం చదివాను. ఫోనులో నీ గొంతు వింటే వాన సంగతి, మేక సంగతి చెప్పి పెట్టేస్తాను. అందుకే నేనూ రాస్తున్నాను.

మోకాళ్ల మాత్రలు వేసుకుంటున్నాను. నిద్ర మాత్రం లేదు. మగ్గం ఎందుకు తిప్పించావని అడిగావు. కాళ్లు పెట్టుకునే గుంట కిటికీ వైపుండేది, అది పూడ్పించి, తలుపుకు ఎదురుగా కొత్తది తవ్వించాను. ఇప్పుడు వెలుతురు వీపు మీద పడుతుంది, చీర అంచు రంగులు కంటికి సరిగా ఆనడం లేదు. వాస్తు అని అబద్ధమాడితే, "గీ వయసుల నీకు వాస్తు పిచ్చి పట్టిందేందే!" అని మీ నాయిన ఒకటే నవ్వు.

నిరుడు మీ ఆఫీసులో పెద్ద సారు నీ చెయ్యి పట్టుకున్నాడని అత్తగారింట్లో ఏడ్చావు. మీ అత్త సుగుణమ్మ చీరైనా మార్చుకోకుండా, "నడువ్ బిడ్డా, వాని సంగతి జూద్దాం" అని నీ వెంట వచ్చి ఫిర్యాదు ఇప్పించింది. అది నువ్వు ఇక్కడికొచ్చి చెబుతుంటే నేనేమన్నాను? "గింత దానికి గంత లొల్లి ఎందుకే?" అన్నాను. ఆ మాటకు నాలుగు నెలలు గడప తొక్కలేదు నువ్వు. నా మీద జాలి లేదా అమ్మా అని ఇప్పుడు అడుగుతున్నావు. జాలి లేక కాదు కరుణా, అసూయ. కన్నబిడ్డను చూసి కడుపు మండింది.

నా పెళ్లికి ముందు, పంతొమ్మిదేళ్లప్పుడు, మా ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పట్టునూలు పంచే ఆసామి వచ్చాడు. నేను మగ్గంలో ఉన్నాను. కాళ్లు గుంటలో, వీపు తలుపు వైపు. లేవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించాలి. వాడు ఆ చేతులే పట్టుకున్నాడు. అంతకన్నా రాయలేను. మీ అమ్మమ్మకు చెబితే, "పోగులేమన్న తెగినయా?" అని మగ్గం దిక్కు చూసింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

వాడు పోయి పాతికేళ్లు. పాడె మోసినవాళ్లలో మీ నాయిన కూడా ఉన్నాడు, ఆయనకేం తెలుసు. నాకు అరవై ఆరు వచ్చాయి, మరిచిపోయాననే అనుకున్నాను. నీ సంగతి విన్నప్పటి నుంచి వెనక చెప్పుల చప్పుడైతే పోగుల మధ్య ఆడించే నాడె చేతిలోంచి జారిపోతోంది. మీ నాయిన భుజం మీద చెయ్యేసినా ఉలిక్కిపడుతున్నాను. చాదస్తం అంటున్నారు. అననీ.

నీకు అత్త దొరికింది. నాకు అమ్మ కూడా దొరకలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నిన్ను చూసి ఓర్వలేకపోతున్నాను, ఏం చేయను?

మనసుకు మందిచ్చే డాక్టరమ్మ గురించి మళ్లీ రాశావు. పోయినసారి పాలమూరులో ఆమె గది దాకా తీసుకుపోతే, మోకాళ్ల నొప్పులని చెప్పి లేచి వచ్చాను. ఈ మంగళవారం మొదటి బస్సుకు వస్తాను. ఈసారి చెబుతాను. మీ అత్తను తీసుకురాకు. ఆమె నీకు దొరికిన మనిషి, నాకు నువ్వు కావాలి.

ఆ గదిలో కుర్చీ తలుపుకు వీపు పెట్టి ఉంటుంది, పోయినసారి చూశాను. జరపమని అడగను. నేను మాట్లాడుతున్నంతసేపూ నువ్వు నా వెనక నిలబడు.

ఇట్లు,
నిన్ను చూసి కుళ్లుకున్న
మీ అమ్మ.