బట్టీ చల్లారాక

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. ‘అందరం’ అని రాసే ముందు కలం కాస్త ఆగుతోంది. అయినా రాస్తున్నాను. నీ దీవిలో గాలులు తగ్గాయనీ, నీ బదులు డ్యూటీకి రావలసిన మనిషి ఇంకా పడవ ఎక్కలేదనీ రాశావు. ఊరందరికీ వాన కబురు ముందే చెప్పే ఆఫీసు నీ సెలవు కబురు చెప్పలేకపోవడం విచిత్రమే.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలు పర్వాలేదు. వంట నేనే చేస్తున్నాను. తమ్ముడు తింటున్నాడు, మెచ్చుకోవడం లేదు. అమ్మమ్మ మన దగ్గరే ఉంటోంది. కళ్లు ఇంకా మసకబారాయి, నోరు మాత్రం అలాగే ఉంది. గోడౌన్లు కట్టే ఆయనకు బట్టీ స్థలం ఇచ్చేశావా అని అడిగావు. దాని సంగతి చివర రాస్తాను.

కొండ మీది స్తూపానికి వెళ్లివచ్చాం. నువ్వు వచ్చేదాకా ఆగుదామనుకున్నాం గాని, వానలు పడితే మెట్లు మూసేస్తారన్నారు. మన ఇటుకల బట్టీ పొగగొట్టం పక్కన నిలబడితే పొద్దున్నే అది తెల్లగా, బోర్లించిన గిన్నెలా కనిపించేది కదా. మీ అమ్మ దాన్ని చూపించి ఎప్పుడూ “ఈ బట్టీ చల్లారాక వెళ్దాం” అనేది. ఒక బట్టీ చల్లారేలోగా ఇంకోదానికి పచ్చి ఇటుక ఆరి సిద్ధంగా ఉండేది. మీ అమ్మ పోయాక బట్టీ చల్లారింది. అందుకే వెళ్లాం.

అమ్మమ్మ, పిన్ని, తమ్ముడు, నేను. కొండ కింద ఇటుకల గుట్ట ఉంది. పక్కన బోర్డు: “స్తూపం మరమ్మతు జరుగుతోంది. ఓపిక ఉన్నవారు ఒక ఇటుక పైకి చేర్చండి.” పైకి బండి వెళ్లే దారి లేదు. వచ్చినవాళ్లు చేతికందినది తీసుకుని మెట్లెక్కుతున్నారు. అమ్మమ్మ మాత్రం గుట్ట పక్కనే చతికిలబడింది. రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. టప్పుమంది. అవతల పారేసింది. నేనూ సంచి దించి పక్కన కూర్చున్నాను. బాగా కాలిన ఇటుక ఖంగుమంటుందనీ, కాలీకాలనిది మూలుగుతుందనీ మన ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. మీ అమ్మకు ఆ చెవి అమ్మమ్మ ఇచ్చిందే.

మీ పిన్ని ఉందిగా, అమ్మమ్మ ఇంట్లోనే పుట్టి ఇటుక ముట్టకుండా పంతులమ్మ అయిన మనిషి, ఊరుకోలేదు.

“బావా, పుణ్యానికి మోసే ఇటుకకి కూడా పరీక్షేనా?”

“పుణ్యం సంగతి నాకు తెలీదే, గోడ సంగతి తెలుసు,” అంది అమ్మమ్మ. “చచ్చు ఇటుక పైకి మోస్తే ఏం లాభం? మళ్లీ కిందికి దొర్లడానికేగా.”

“వెనక జనం చూస్తున్నారమ్మా!”

“చూడనీ. చూస్తే నేర్చుకుంటారు.”

నేర్చుకున్నారు. అదే వచ్చిన చిక్కు. మా వెనకున్న ఒక పెద్దాయన ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకుని రెండు ఇటుకలు తీసి ఎంతో భక్తిగా తాకించాడు. ఆయన్ని చూసి ఆయన భార్య. వాళ్లను చూసి అప్పుడే బస్సు దిగిన గుంపంతా. కాసేపట్లో గుట్ట చుట్టూ టకటకలూ ఖంగుఖంగులూ మొదలయ్యాయి.

“నాన్నా, మనం కొత్త మతం పెట్టేసినట్టున్నాం,” అన్నాడు తమ్ముడు.

చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వాక, మీ అమ్మకు చెబుదామని పక్కకు తిరిగాను.

అమ్మమ్మ తన ఇటుక ఎవరికీ ఇవ్వలేదు. తమ్ముడు చెయ్యి చాపితే, “నీది నువ్వు మోసుకోరా, నాది మోసుకోడానికి నేను చాలు,” అంది. కూర్చుంటూ లేస్తూ ఎక్కింది. పిన్ని సగం దారిలో ఆయాసపడుతూ, “మా అక్క తెలివైంది. బట్టీ సాకు చెప్పి ఈ మెట్లు తప్పించుకుంది,” అంది. అన్నాక తనే నోరు మూసుకుంది. అమ్మమ్మే, “అదైతే ఎక్కేసేది. మనకంటే ముందు,” అంది. మళ్లీ నడిచాం.

స్తూపం దూరం నుంచి కనిపించినట్టు లేదు. పోయిన వానలకు ఒక పక్క కొరికిన పండులా ఊడిపోయింది. మరమ్మతు చూస్తున్న భిక్షువు మోచేతుల దాకా సున్నంతో ఎదురొచ్చాడు.

“కింద ఏం చేస్తున్నారండీ? ఇందాకటి నుంచీ గంటలు మోగినట్టు వినిపిస్తోంది!”

తమ్ముడు జరిగింది చెప్పాడు. ఆయన పగలబడి నవ్వి, “అదా సంగతి! అప్పటి నుంచీ ఒక్క చచ్చు ఇటుకా రాలేదు,” అన్నాడు. ఆపైన మమ్మల్ని పగులు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. మేం మోసుకొచ్చినవి లోపల నింపడానికే. పైవరసకు పాతకాలపు కొలత ఇటుక కావాలి, వెడల్పుగా, మూరెడు పొడవున. “ఏ బట్టీని అడిగినా ఈ కాసిన్నిటి కోసం అచ్చు మార్చలేమంటున్నారు. పైవరస లేకుండా వాన పడిందంటే ఇప్పుడు పెట్టిందంతా జారిపోతుంది,” అన్నాడు.

అమ్మమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను ఒక పాత ఇటుకను జానలతో కొలిచాను.

“మేం చేసిస్తాం,” అన్నాను.

“బావా! బట్టీ అమ్మేస్తున్నారుగా!” అంది పిన్ని.

“ఇంకా అమ్మలేదు.”

ఇక నీకు చెప్పాల్సింది. ఆ రోజు నా సంచిలో ఇంకో ఇటుక ఉంది. మీ అమ్మ కాల్చిన ఆఖరి బట్టీలోది. దాన్ని ఆ గోడలో పెట్టించి, దిగివచ్చి గోడౌన్ల ఆయనకు సంతకం చేద్దామని బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. పగులు దగ్గర నిలబడి సంచిలో చెయ్యి పెట్టాను. తియ్యలేకపోయాను. తిరిగి మోసుకొచ్చాను.

మర్నాడే ఆయనకు కుదరదని చెప్పేశాను. “ఈ వయసులో ఎందుకండీ ఈ తలనొప్పి?” అన్నాడు. తల నాదేనన్నాను. వడ్రంగి చేత కొత్త అచ్చు చేయించి బట్టీ వెలిగించాను. నీకు ముందే రాస్తే వద్దంటావని రాయలేదు. నిప్పు మీ అమ్మ పని, నాది ఆఫీసు గది. మంట రంగు చూసి ఎప్పుడు ఆపాలో తనకే తెలుసు. అమ్మమ్మకు తెలుసు గాని కనిపించదు. బట్టీ నోటి దగ్గర కుర్చీ వేసుకుని నన్ను అడుగుతుంది.

“ఏ రంగు?”

“నారింజ.”

“ఏ నారింజ? దోరదా, మగ్గిందా?”

మొదటిసారి చెప్పలేకపోయాను. బట్టీ మొత్తం మాడింది. నేను మళ్లీ మట్టి తొక్కించాను. ఈసారి చూపు తిప్పకుండా కూర్చున్నాను. నేను ‘మగ్గింది’ అన్నప్పుడు అమ్మమ్మ ఆపమంది.

వాన ఎప్పుడు పడుతుందో వచ్చే పడవకే రాయి. కూతురివని కాదు, నీ ఉద్యోగం అదని అడుగుతున్నాను. ఉన్నదున్నట్టు రాయి, నా కోసం వాయిదా వెయ్యకు. నీ బదులు మనిషి దిగగానే నువ్వు బయల్దేరు. బట్టీ చల్లారాక వద్దాంలే అనుకోకు. పైకి మోయాల్సినవి చాలా ఉన్నాయి, నీ వాటా నీకు ఉంచుతాం.

ఈ పొద్దున రెండో బట్టీ తెరిచాం. పైన ఉన్న ఇటుక తీసి, మసి తుడిచి, మీ అమ్మ ఇటుకతో తాకించాను. అమ్మమ్మ కళ్లు మూసుకుని వింది. చెయ్యి చాపి, “ఇంకోటి ఇవ్వు,” అంది.

ఇట్లు,
బట్టీ దగ్గర నుంచి,
మీ నాన్న