ఆ మాడు వాసన ట్రక్‌ది కాదు

ఆదివారం రాత్రి, శాన్ రామన్

కొండ దిగేటప్పుడు మాడు వాసన వస్తోందని నా భార్య లలిత మూడుసార్లు అంది. "ముందు పోయే ట్రక్‌ది," అన్నాను. అది మా కారుదేనని నాకు తెలుసు. స్పీడింగ్ టికెట్ పడితే గ్రీన్ కార్డ్‌కి ఎక్కడ అడ్డొస్తుందోనని, లో గేర్‌లో దిగాలన్న సంగతే మర్చిపోయి దారంతా బ్రేక్ తొక్కుతూనే దిగాను. చివరి మలుపులో వేడెక్కిన బ్రేకులు పట్టక పెడల్ నేలదాకా దిగిపోయింది. కారు ఆగలేదు. పిచ్చిగా మళ్లీ మళ్లీ తొక్కితే రైలింగ్‌కి బెత్తెడు దూరంలో ఆగింది. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు.

"ఏమైందండీ?" అంది లలిత.

"జింక అడ్డొచ్చింది."

నమ్మింది. రేపు పిల్లల్ని అదే కార్‌లో స్కూల్లో దింపేది తనే. ఇంటికి రాగానే కారు తాళాలు నా ఆఫీస్ బ్యాగ్‌లో దాచేశాను. నిజం చెప్పడం కన్నా అదే తేలికైంది.