ఎండలో కనిపించని నిప్పురవ్వ

రాయపూర్, ఆదివారం రాత్రి

క్వార్టర్ల వెనక బాబాయి వంగతోటకు నీళ్లు తోడే పెట్రోలు ఇంజను ఉదయం మొరాయించింది. మిట్టమధ్యాహ్నం నేను రవ్వ వస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించాను. బాబాయి ఇంజను తిప్పే తాడు లాగాడు. నిప్పురవ్వ కనిపించలేదు. ప్లగ్గుకు కరెంటు పుట్టించే భాగాన్ని మాగ్నెటో అంటారని మొన్ననే పుస్తకంలో చదివాను. ఆ మాట పైకి అనాలని ఒకటే ఉబలాటం. "మాగ్నెటో మరణించింది" అన్నాను.

"మనిషి పోయినట్టు చెప్తున్నావేంట్రా" అని నవ్వి బాబాయి రైలు డ్యూటీకి వెళ్లిపోయాడు. నారు ఎండిపోతుందని పిన్ని సాయంత్రం దాకా బావి నుంచి బిందెలు మోసింది.

చీకటి పడే వేళ ఇంజనును పాకలోకి లాక్కెళ్లి ప్లగ్గును మళ్లీ చూశాను. నీలంగా, చక్కగా రవ్వ వచ్చింది. మధ్యాహ్నం కూడా వచ్చే ఉంటుంది, ఆ ఎండ వెలుగులో నాకు కనబడలేదంతే. నిలవ పెట్రోలు పారబోసి కొత్తది పోస్తే ఇంజను వెంటనే అందుకుంది.

చప్పుడు విని పిన్ని పరుగున వచ్చింది. భుజం నొక్కుకుంటూనే పక్కింటావిడతో, "చూశావా వదినా, మావాడు చచ్చిన మిషన్‌ని జిందా చేసేశాడు" అంది.

మాగ్నెటో అసలు చావనే లేదని చెప్పబోయి ఆగిపోయాను. రాత్రి భోజనంలో నాకు ఇంకో గరిటె గడ్డపెరుగు వేసింది. వద్దనలేదు. తినేశాను.