నాలుగెకరాల నేల, ఒక డీజిల్ పంపు

ఎట్టయాపురం మేలత్తెరువులో కాపురమున్న, కాలం చేసిన చెల్లయ్య భార్య పట్టమ్మాళ్ అనే నేను, అరవై రెండేళ్ల వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. చత్వారం తప్ప ఒంటికి లోపం లేదు. బుద్ధి తిన్నగా ఉంది. జ్ఞాపకం అంతకన్నా తిన్నగా ఉంది. దానివల్లే కొందరికి ఇబ్బంది. మా మరిది నారాయణసామి రేపు కోర్టుకెక్కి "అరవంలో ఏం రాశారో ఆమెకు తెలియదు" అనకుండా మా ఇంటి భాష తెలుగులోనే చెప్పి రాయించాను. చదివించుకుని విన్నాను.

1. నాకు పిల్లలు లేరు. నా భర్త నా పేర రిజిస్టరు చేసిన, విళాత్తికుళం బాట పక్కనున్న నాలుగెకరాల కరిసల్ నల్లరేగడి నేల, ఈ ఇల్లు, ఆయన పాతది కొని తెచ్చిన ట్రాక్టరు నా ఆస్తి. వీటిమీద మరిదికి హక్కు లేదు. ఆశ మాత్రం ఎప్పటినుంచో ఉంది.

2. ఆ ఆశ ఏం చేసిందో అందరికీ తెలియాలి. 1995లో నా భర్త పోయాడు. మరుసటి ఏడు దుక్కుల ముందు ట్రాక్టరు డీజిల్ పంపు మొరాయించింది. నారాయణసామి దాన్ని విప్పి, విరుదునగర్‌లో బాగుచేయిస్తానని పట్టుకుపోయాడు. నాలుగు రోజులకు వట్టి చేతులతో వచ్చాడు. "అది చచ్చిపోయె వదినా. పాత ఇనుంలో పారేసి వస్తిని. ఆ మాడల్‌కి సామాను ఇంగ యాడా దొరకదు. బండి లేని ఆడది కరిసల్ ఎట్ల దున్నుతాది? నేల నాకిచ్చేయి" అన్నాడు. అంతా ఒకే ఊపిరిలో అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

అద్దె బండ్లవాళ్లను కూడా, ఆ నేల తగాదాలో ఉందని బెదిరించి రానివ్వలేదు. మూడేళ్లపాటు అయిపసి మాసపు విత్తు వానలు నా నేలమీద వృథాగా కురిశాయి. పత్తి, మిరప ఉండవలసిన చోట తుమ్మముళ్లు లేచాయి.

పంపు నంబరు నా భర్త పుస్తకంలో రాసి ఉంది. ఇంగ్లీషు రాని నేను ఆ అక్షరాలను ముగ్గులా చేతికి నేర్పుకున్నాను. కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో ప్రతి కొట్టులోనూ గీసి చూపించాను. విరుదునగర్ పాత ఇనుము కొట్టువాడు నవ్వి, "ఆ మాడల్ పోయి ఇరవై ఏండ్లాయె. బండిని కిలో లెక్కన వేసెయ్యి" అన్నాడు. "నా మొగుడు పోయి రెండేండ్లాయె. నన్నూ కిలో లెక్కన వేసుకుంటావా?" అన్నాను. నవ్వు ఆగింది. పంపు దొరకలేదు.

3. కోవిల్‌పట్టి లేత్ షాపు ఇసక్కిపాండికి నా భర్త చేతిగడియారం, పనిముట్ల పెట్టె. ఇసక్కిపాండి ఒక్కడే నాతో "లేదు" అనలేదు. "లేకుంటే చేద్దాం అక్కా" అన్నాడు. వేరే కంపెనీ పంపు తెచ్చి, అది మా ఇంజనుకు కూర్చునేలా ప్లేటూ కప్లింగూ లేత్‌మీద చేశాడు. నాలుగుసార్లు డీజిలు కారింది. అయిదోసారి ఇంజను అందుకుంది. నేను చక్రం పక్కనే కూలబడి ఏడ్చాను. ఆయన చూడనట్టు చేతులు తుడుచుకున్నాడు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా ఆయనదే.

4. నేల, ట్రాక్టరు, ఇల్లు పూర్తిగా నారాయణసామి కూతురు సుధాలక్ష్మికి. 2001లో ఆ పిల్ల పట్టపగలు, నడివీధిలో గోనెసంచి మోసుకుంటూ మా ఇంటికి వచ్చింది. "పెద్దమ్మా, ఇది మీది. నాయిన సజ్జల కుదురులో, గింజల కింద దాచిపెట్టుండాడు" అంది. విప్పితే డీజిల్ పంపు. నంబరు వేలితో తడిమాను. అదే. అతను దాన్ని వాడుకోలేదు, అమ్ముకోలేదు. నా నేల బీడు పడాలని అయిదేళ్లు దాచాడు. వెనకే వచ్చి అందరి ముందూ కూతురి చెంప పగలగొట్టి "దొంగ" అన్నాడు. "దొంగెవురో ఆ నంబరు చెప్తాది నాయినా" అంది పిల్ల. ఆరోజు నుంచీ నా దగ్గరే ఉంది. అంతవరకూ బండి నడిపిన డ్రైవరును మాన్పించి, బండి నడపడం ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. రెండు గట్లు కూలాయి.

5. నారాయణసామికి ఏమీ లేదు. మరిచిపోయి కాదు. అతను నా శవం వెంట నడవకూడదు.

6. సుధాలక్ష్మీ, నీ నాయనకు చేతకాని రోజు వస్తుంది. తన నేల దున్నేవాళ్లు లేక నీ గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు. బండి తీయాలా అని నన్నడిగితే వద్దంటాను. ఆరోజు నేనుండను. బండి నీది.

ఎట్టయాపురం, 19 ఆగస్టు 2004
(సంతకం) పట్టమ్మాళ్

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
సరవణకుమార్, మగ్గం పని, మేలత్తెరువు
పూంగొడి, పక్కింటి కాపురస్తురాలు